బెర్తోలీ దొర కట్టిన శిథిలం

రాయవెల్లి సంస్థానపు మరామతు కచేరీలో నేను నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలోనూ రిజిస్టరులో ఒకే ఒక్క అబద్ధం రాశాను. దాని సంగతి చెప్పాలంటే ముందు మా కచేరీ సంగతి చెప్పాలి. మా కచేరీ ఎలాంటిదో తెలియనివాళ్ళకి అది నిజంగానే అబద్ధంలా కనిపిస్తుంది.

మహారాజా వారి తాతగారికి కట్టడాల పిచ్చి ఉండేదట. నెమళ్ళు ఆడటానికి ఒక మంటపం కట్టించారు. ఏనుగు మీద కూర్చుని ఆ ఆట చూడటానికి ఎత్తైన అరుగు కట్టించారు. అరుగు ఎక్కడానికి ఏనుగుకి మెట్లు కట్టించారు. ఏనుగు ఎక్కలేదు. ఆయన పోయేనాటికి బొక్కసంలో సాలెగూళ్ళు మిగిలాయి. కొడుకుగారు పట్టానికి వస్తూనే కోటగుమ్మం పక్కన రాతి మీద శాసనం చెక్కించారు. "మా వంశమునందు ఎవ్వరును నూతన కట్టడము తలపెట్టరాదు. ఉన్నది చెడినయెడల బాగుచేయించవచ్చును. ఇందుకు తప్పినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపమున పోవుదురు" అని.

అప్పటి నుంచి మా సంస్థానంలో కట్టే శాఖ లేదు, బాగుచేసే శాఖ ఒక్కటే ఉంది. దానికో పెద్ద రిజిస్టరు, అందులో మూడు గడులు. మొదటిది కట్టడం పేరు, రెండోది చెడిన విధం, మూడోది బాగుచేసిన విధం. మొదటి గడి ఖాళీగా ఉంటే మిగతా రెండూ నింపకూడదు. ఆ రిజిస్టరు రాసే గుమాస్తాని నేను. ఇంగ్లీషు ముక్కలు నాలుగు వచ్చు గనక దుబాసీని కూడా. పేరు ఉమాపతి. ఆ కచేరీ అంటే నాకు గౌరవం, అది ముందే చెబుతున్నాను.

ఆ రోజుల్లో రాజులందరికీ ఒక కొత్త సరదా పట్టుకుంది. ఐరోపా నుంచి భవనశిల్పిని తెప్పించుకోవడం. పక్క సంస్థానం వారు ఒక ఇంగ్లీషు దొరని తెప్పించుకున్నారు. మద్రాసులో ఏదో దర్బారులో ఆ రాజుగారు మా మహారాజా వారిని పట్టుకుని, మీ శిల్పిది ఏ దేశమని అడిగారట. మావారు జవాబు చెప్పలేక దగ్గారు. ఆ దగ్గు ఫలితంగా ఆరు నెలల్లో ఇటలీ నుంచి సిల్వియో బెర్తోలీ అనే దొర మా ఊళ్ళో దిగాడు. నలభై ఒక్క ఏళ్ళవాడు, పొడుగాటి మనిషి, గడ్డంలో అప్పుడే తెల్లవెంట్రుకలు. వెంట పదకొండు పెట్టెలు, పదింటిలో గీతలు గీసే సామాను. పక్కవారి దగ్గర లేనిది ఒకటి కట్టాలని మహారాజా వారు పట్టుబట్టారు. వెతగ్గా వెతగ్గా పక్కవారికి లేనిది ప్రసూతి ఆసుపత్రి. అలా మా ఆడవాళ్ళ అదృష్టం పండింది.

మర్నాడే దొరని తీసుకుని మంత్రసాని అసిరమ్మ దగ్గరికి వెళ్ళాను. కోట వెనక పాత పల్లకీల కొట్టు ఒకటి ఉండేది. ఇంట్లో కానుపు కష్టమైనవాళ్ళని అక్కడికి మోసుకొచ్చేవారు. పెంకులు సగం లేవు, తలుపు బదులు గోనెపట్టా. రెండు మంచాలు, ఒక నీళ్ళ కాగు, అసిరమ్మ, అంతే ఆసుపత్రి. ఆవిడ దొరని ఎగాదిగా చూసి, నా వైపు తిరిగి అడిగింది.

"నాకు మేడలొద్దు బాబూ. తలుపేసుకోడానికి ఒక గది, కారని కప్పు సాలు. వచ్చీ వానలకి అవుద్దేటి?"

నేను తర్జుమా చేశాను. దొర గుండె మీద చెయ్యి వేసుకుని, వచ్చే వానల్లోగా కప్పు పడుతుందని మాట ఇచ్చాడు. అదీ తర్జుమా చేశాను. చేస్తున్నప్పుడే, పాపం ఈయన మా రిజిస్టరు ఇంకా చూడలేదే అనుకున్నాను.

నెల తిరక్కుండా దొర పటాలు గీసుకుని దివాన్ కామేశం పంతులు గారి ముందు పరిచాడు. పంతులు గారు గొప్ప పండితుడు, మాట్లాడినా రాసినట్టే ఉండేది. కళ్ళజోడు సవరించుకుని, పటాలన్నీ ఓపిగ్గా చూసి, చివరికి అడిగారు.

"బాగున్నది. ఇది దేని మరామతు?"

దేని మరామతూ కాదు, కొత్తది అని దొర అన్నాడు. పంతులు గారు పటాలు చుట్టేశారు.

"లేని దానిని బాగుచేయుట ఎట్లు? చెడుటకైనను ముందు ఉండవలెను గదా. తమ ఆసుపత్రికి ఇంకను ఆ యోగ్యత కలుగలేదు."

మహారాజా వారే కట్టమన్నారు కదా అని దొర గుర్తుచేశాడు. మహారాజా వారి ఆజ్ఞ శిరోధార్యమనీ, కనుక ఆసుపత్రిని మరామతు చేయడానికి సంస్థానం సిద్ధంగానే ఉన్నదనీ, ఆసుపత్రిదే ఆలస్యమనీ పంతులు గారు సెలవిచ్చారు. పోనీ ఆ పల్లకీల కొట్టునే బాగుచేసి ఆసుపత్రిగా వాడుకుంటానన్నాడు దొర. పల్లకీల కొట్టు బాగుచేస్తే పల్లకీల కొట్టే కావాలి తప్ప మరొకటి కాకూడదు. పైగా పల్లకీలన్నీ తాతగారి హయాంలోనే పోయాయి గనక, పల్లకీలు లేని పల్లకీల కొట్టు పేరు రిజిస్టరులోంచి ఏనాడో కొట్టేశారు. లేని కొట్టు కప్పుకి చిల్లులు పడ్డాయనడం చెల్లదు. ఇది నేనే రిజిస్టరు తీసి చూపించాను.

ఆ ఏటి వానలు వచ్చాయి, వెళ్ళాయి. దొర ఊరికే కూర్చోలేదు, కచేరీ ఆయన్ని కూర్చోనివ్వలేదు. గుర్రపుశాల తలుపు బందుకి పదకొండు పటాలు గీయించారు. ఏనుగు మెట్లలో మూడోది బాగుచేయించారు. ఏనుగు చచ్చిపోయి ముప్ఫై ఏళ్ళయినా మెట్టు రిజిస్టరులో బతికే ఉంది. ఈలోగా దొర తెలుగు నేర్చుకున్నాడు. నేర్పింది పండితుడైతే ఎలా ఉండేదో కానీ, నేర్పింది గురువులు అనే మా కచేరీ తాపీమేస్త్రీ, అతని కింది పనివాళ్ళూ, అసిరమ్మాను. అందుచేత దొర దివాన్ గారి ఎదట నిలబడి, "ఏటి బాబూ, ఇంకా ఏటి గావాల మీకు?" అనేవాడు. దాన్ని నేను మళ్ళీ గ్రాంథికంలోకి మార్చి పంతులు గారికి మనవి చేసేవాణ్ణి.

ఇక ఆ ముక్క అన్నది నేనే. దాచి లాభం లేదు. ఒకనాడు పంతులు గారు మంచి సంతోషంలో ఉండగా, చెడిపోయిన ఆసుపత్రి ఒకటి ఎక్కడైనా ఉండి ఉంటే మూడు గడులూ తేలిగ్గా నిండిపోయేవి కదండీ అన్నాను. సరదాకే అన్నాను. పంతులు గారు సరదాకి వినరు. వారం రోజులు ఆలోచించి ఉత్తర్వు పంపారు.

"కట్టడమనగా పైకప్పును, తలుపులును, నివాసయోగ్యతయు గలది. శిథిలమునందు ఈ మూడును లేవు. కావున శిథిలము కట్టడము కానేరదు. కావున దానిని నిర్మించుటకు శాసనబాధ లేదు. బెర్తోలీ దొరవారు ఆసుపత్రి యొక్క శిథిలము నొకదానిని నిర్మించవలసినది. తదుపరి దానిని మరామతు చేయవలసినది."

దొర ఆ ఉత్తర్వు నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి నవ్వాడు. వాళ్ళ దేశంలో చిన్నప్పుడు మేకలు కాసుకునేవాళ్ళు కూర్చునే కూలిన గోడల మధ్యే తాను ఆడుకున్నానని, శిథిలం ఎలా ఉండాలో తనకు తెలుసనీ చెప్పాడు. రెండు నెలల్లో కట్టేసి, తర్వాత మూడు నెలల్లో కప్పు వేసేస్తే అసిరమ్మకి మాట దక్కుతుందని లెక్క వేశాడు.

కట్టడం మొదలుపెట్టాక తెలిసింది, కొత్తగా శిథిలం కట్టడం ఎంత కష్టమో. గురువులు మేస్త్రీ చేత కూలిన గోడ కట్టించడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున వంకరగా మొదలుపెట్టేవాడు, మధ్యాహ్నానికి చెయ్యి దానంతట అదే గోడని నిలువు చేసేసేది. చివరికి తాపీ కింద పెట్టి దొర ముందు నిలబడ్డాడు.

"నలబై ఏళ్ళు తాపీ పట్నాను బాబూ. గోడ వంకరొచ్చిందని మా అయ్య నన్ను బెత్తం తీసుకుని కొట్నాడు. ఇప్పుడు వంకర కట్టమంటే నా సెయ్యి ఇనదు."

అప్పుడు దొర ఏ రాయి ఎక్కడ విరగాలో, ఏ స్తంభం ఎంత వాలాలో రాయి రాయికీ పటం గీశాడు. పటం ప్రకారం గనక మేస్త్రీ మనసుకి ఊరట దొరికింది. వంకర కూడా సరిగ్గా కట్టాడు. గోడలకి పేడనీళ్ళు, గంజి కలిపి కొడితే నాచు పడుతుందని అసిరమ్మ చెప్పింది. ఆ గంజి తన ఇంటి నుంచే కుండలతో మోయించింది. ఆసుపత్రి తొందరగా పాతబడాలని ఆవిడకి ఎంత ఆత్రంగా ఉండేదో.

రెండు నెలలనుకున్నది తొమ్మిది నెలలైంది. తప్పు కొంత కచేరీది, కొంత దొరది. కచేరీ శిథిలానికి ప్రాచీనతా పత్రం కావాలంది. అది కావాలంటే చూసినవాళ్ళు నమ్మాలి. నమ్మించే పనిలో పడి దొరకి ముచ్చట పుట్టింది. పాపం ఏడాదిపాటు తలుపు బందులు గీసిన చెయ్యి అది. సగం విరిగిన కమాను పెట్టాడు. మధ్యలో మనిషి పొడుగున రాతి తొట్టి ఒకటి, ఒక మూల విరిగినట్టు తొలిపించాడు. సాయంకాలం ఆ కమానులోంచి ఎండ ఆ తొట్టి మీద పడుతుంటే, నేనే, కళ్ళెదట కడుతుండగా చూసినవాణ్ణి, ఇది ఏ కాలం నాటిదో అనుకునేవాణ్ణి.

పత్రం కోసం మద్రాసు నుంచి పెద్ద పురావస్తు పండితుడొకాయన వచ్చారు. టోపీ తీసి లోపలికి వెళ్ళారు. రెండు గంటల తర్వాత బయటికి వచ్చేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. ఇది పదకొండో శతాబ్దపు వైద్యశాల అనీ, ఆ తొట్టి రోగులను మందునీటిలో పడుకోబెట్టే ద్రోణి అనీ, ఇంత స్వచ్ఛమైన శిథిలాన్ని తన జన్మలో చూడలేదనీ చెప్పారు. దొర కంగారుపడి, "ఇది నానే కట్నానండి, నిరుడు" అన్నాడు. నేను తర్జుమా చేశాను. పండితుడు దొర చెయ్యి పట్టుకుని, కనుగొన్నవారికి ఈ వినయమే శోభ అన్నారు.

పక్షం రోజుల్లో పత్రం వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం కూడా వచ్చింది. శిథిలం రక్షిత చిహ్నమని, అందులోని ఒక్క రాయి కూడా ఎవరూ కదపరాదని, కప్పు వేయడం, తలుపు పెట్టడం, సున్నం పూయడం శిక్షార్హమని. దివాన్ గారు దొరకి శాలువా కప్పారు. శిథిలం అఖండ విజయం సాధించిందని, దానిని మరామతు చేయవలసిన దుర్గతి తప్పినందుకు సంస్థానం గర్విస్తున్నదని చదివారు. దొర శాలువాతోనే నడుచుకుంటూ వెళ్ళి కమాను కింద కూర్చున్నాడు.

రెండో ఏటి వానలు మొదలయ్యాయి. జడివాన పట్టిన మూడో రోజున గురువులు మేస్త్రీ కోడలు సన్యాసమ్మకి తొలి కానుపు కష్టమైతే పల్లకీల కొట్టుకి మోసుకొచ్చారు. మంచం మీద గొడుగులు పట్టారు. గురువులు పైకెక్కి తన పంచె, తాటాకులు, గోనెపట్టా ఏది దొరికితే అది కప్పాడు. నలభై ఏళ్ళు కప్పులు వేసినవాడు ఆ ఒక్క కప్పు నిలపలేకపోయాడు. తల్లి బతికింది. బిడ్డ ఒళ్ళు వెచ్చబడలేదు. దొరా నేనూ వెళ్ళేసరికి అసిరమ్మ ఆ బిడ్డని చీర కొంగులో చుట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. దొర వంక చూసి, కొంగు ఇంకాస్త బిగించి చుట్టింది. ఆ శిథిలం ఊహ నా నోట్లోంచి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే దొర బంగళా నుంచి చప్పుళ్ళు వినిపిస్తున్నాయంటే పరుగెత్తాను. సంస్థానం ఆయనకి విడిదిగా ఇచ్చిన బంగళా అది. తాతగారి కాలంలో కట్టింది, రిజిస్టరులో నూట పధ్నాలుగో పేజీ. ఎనిమిది గదులు, చుట్టూ వరండా, లంకంత కప్పు. చొక్కా విప్పేసి, గునపం పట్టుకుని, దొర తన పడగ్గది గోడ పొడుస్తున్నాడు. పక్కన గురువులు ఇంకో గునపంతో. మూడు గదులు అప్పటికే ఒక్కటైపోయాయి.

దొర గునపం దించి నా వైపు చూశాడు. "రాసుకో ఉమాపతీ. నా ఇల్లు సెడిపోనాది."

నేను కచేరీకి వెళ్ళి రిజిస్టరు తీశాను. మొదటి గడిలో దొరవారి విడిది బంగళా. రెండో గడిలో, గోడలు కూలెను. దివాన్ గారు ఎలా కూలినవని అడిగితే గునపము తగులుటచే అని రాశాను. అక్షరం అక్షరం నిజం. గునపం తగిలి గోడ కూలడం అసాధారణం కాదు గనక మరామతు మంజూరైంది. నలభై రోజుల్లో గురువులు మేస్త్రీ ఆ బంగళాని మరామతు చేశాడు. గోడలు ఎక్కడ అవసరమో అక్కడ లేచాయి. అతిథుల గది అని పటంలో రాసిన దాంట్లో ఇరవై మంచాలు పట్టాయి. వంటగదిలో నీళ్ళు కాగడానికి నాలుగు పెద్ద పొయ్యిలు వచ్చాయి. తలుపులన్నిటికీ గడియలు పెట్టారు. అసిరమ్మ మొదటి రోజు వచ్చి తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది.

దొర తన పెట్టెలు శిథిలంలోకి మార్చుకున్నాడు. కమాను కింద ఒక గుడారం గుడ్డ కట్టుకున్నాడు. అందులో నివాసయోగ్యత లేదని ఉత్తర్వు ఉంది గనక ఆయన అక్కడ నివసిస్తున్నట్టు కాదు. శిథిలం కావలివాడు రోజూ ఆయనతో కలిసి గంజి తాగి, సాయంత్రం పుస్తకంలో ఎవరూ లేరని రాసేవాడు.

బంగళా తనిఖీకి దివాన్ గారే స్వయంగా వచ్చారు. ఇరవై మంచాల మీద పధ్నాలుగు మంది ఆడవాళ్ళు. పంతులు గారు గుమ్మం దగ్గరే ఆగి, తల పక్కకి తిప్పుకుని అడిగారు.

"వీరెవ్వరు?"

"దొరవారి అతిథులండి."

"ఇందరా?"

దొరవారు పరదేశి అనీ, అయినవాళ్ళు లేని మనిషి గనక ఇంటికి ఎవరైనా వస్తే సంతోషిస్తారనీ మనవి చేశాను. అప్పుడే లోపల ఒక పిల్ల కేరుమంది. పంతులు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, అతిథుల కొక రిజిస్టరు ఉండవలెనన్నారు. పేరు, వచ్చినప్పుడు ఎందరు, వెళ్ళినప్పుడు ఎందరు అని గడులు గీయమన్నారు. తనిఖీ కాగితం కింద తన చేత్తో రాశారు. "అతిథిపూజ సంస్థాన సంప్రదాయమునకు అనుగుణము. అయితే ఆతిథేయుడు లేని ఇంట అతిథు లుండరాదు. దొరవారు సదా నివాసమందుండవలెను." ఆయనకి అర్థమైందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఏడాది తర్వాత వారి రెండో అమ్మాయి గూడుబండిలో వచ్చి అతిథిగా అయిదు రోజులుంది.

సన్యాసమ్మ కూడా మరుసటి సంవత్సరం వచ్చింది. ఈసారి ఆడపిల్ల. వచ్చినప్పుడు ఒకరు, వెళ్ళినప్పుడు ఇద్దరు అని నేనే రాశాను. గురువులు మేస్త్రీ ఆ గడి చూపించమని అడిగి, చదువు రాకపోయినా, చాలాసేపు చూశాడు. కొన్నాళ్ళకి ఊళ్ళో ఎవరికైనా నెలలు నిండితే, బంగళాకి ఎప్పుడు వెళుతున్నావని అడగడం మొదలైంది.

దొరకి ఆ తర్వాత ఎవరూ ఏ భవనమూ కట్టే పని చెప్పలేదు. ఉద్యోగం మాత్రం ఉంది. శిథిలం పేరు సీమ దాకా పాకి, దాన్ని చూడటానికి దొరలూ దొరసానులూ వచ్చేవారు. ఇది నేనే కట్టానని ఆయన చెప్పేవాడు, వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవారు. ఒకసారి నాతో అన్నాడు, దేశం విడిచి ఇంత దూరం వచ్చి నేను కట్టింది కట్టడం కాదు, బాగుచేసింది నాది కాదు అని. నేను ఓదార్చబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, అసిరమ్మకి కొత్త కాగు కావాలట చూడమన్నాడు.

వచ్చిన ఇరవై ఒకటో ఏట, మాఘమాసంలో, దొర జ్వరంతో పోయాడు. చివరి మూడు రోజులూ అసిరమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి ఆవిడకీ కళ్ళు సరిగా ఆనడం లేదు. సమాధి కట్టాలంటే అది నూతన కట్టడం, శాసనం ఒప్పుకోదు. అందుకని మిషను పాదిరీ గారు ప్రార్థన చేస్తుండగా, గురువులు ఆ రాతి తొట్టి కింది బండ ఎత్తి, గొయ్యి తీసి, దొరని అందులో పడుకోబెట్టి, బండ మళ్ళీ అంగుళం తేడా లేకుండా పెట్టాడు. ఎత్తిన బండ అదే చోట ఉంటే కదపనట్టే.

ఆ సాయంత్రం కచేరీలో బంగళా పేజీ నా ముందు ఉంది. విడిది ఇళ్ళ పేజీల అడుగున మాత్రం ప్రతి ఏడూ నింపే గడులు వేరే ఉండేవి. నివాసి పేరు, వయసు, స్థితి. కన్నుమూసెను అని రాస్తే ఆతిథేయుడు లేడు. ఆతిథేయుడు లేకపోతే అతిథులు లేరు. పదహారు మంది బంగళాలో ఉన్నారు ఆ రోజు. అందులో ముగ్గురికి నొప్పులు మొదలయ్యాయి. కచేరీ అంటే నాకు గౌరవమని ముందే చెప్పాను. నా చెయ్యి కూడా గురువులు మేస్త్రీ చెయ్యిలాంటిదే, వంకర రాత రాదు. నాలుగుసార్లు కలం ముంచి నాలుగుసార్లు ఆరబెట్టాను. అయిదోసారి "నివసించుచున్నారు" అని రాశాను.

ఆయన పోయిన సంగతి ఊరందరికీ తెలుసు, కచేరీకి తెలియదు. ఊరికి తెలిసినవి కచేరీకి తెలియకపోవడం మాకు కొత్త కాదు. కామేశం పంతులు గారి తర్వాత ఇద్దరు దివాన్లు మారారు. దొరవారేరీ అని ఎవరైనా అడిగితే శిథిలంలో ఉన్నారండి అనేవాణ్ణి. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. నా తర్వాత వచ్చిన గుమాస్తాకి కూడా ఏం రాయాలో చెప్పి మరీ దిగాను.

మొన్న సంస్థానాలు పోయి సర్కారు వచ్చింది. నివాసి లేని సంస్థానపు ఇళ్ళన్నీ స్వాధీనం చేసుకుని కాగితాల గదులుగా వాడుకోవాలని ఉత్తర్వు. కుర్ర తాసీల్దారు ఒకాయన ఫారాలు పట్టుకుని బంగళా వరండాలో బల్ల వేయించుకున్నాడు. పాత రిజిస్టర్లు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే గనక, ఎనభై ఏళ్ళవాణ్ణి, నన్ను రిక్షాలో పిలిపించారు. తాసీల్దారు ఫారం మీద వేలు పెట్టాడు.

"ఈ బెర్తోలీ గారికి తొంభై ఏడేళ్ళని ఉందండి. ఉన్నారా?"

"ఉన్నారు."

"నేనొకసారి చూడాలండి. చూడకుండా సంతకం పెట్టలేను."

శిథిలం దగ్గర ఉంటారు, వెళ్ళి చూడండి అన్నాను. ఇంకేం చెప్పను. ఆయన వెళ్ళాడు. అరగంటకి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, బూట్లకంటిన మట్టి చూసుకున్నాడు. అక్కడ ఎవరూ లేరండి, రాతి తొట్టి ఒకటి ఉంది, దాని మీద పసుపూ పూలూ ఉన్నాయి అన్నాడు. బంగళా నుంచి వెళ్ళే తల్లులు వేస్తారవి. నేనా మాట చెప్పలేదు. ఆయన కలం తీసి నివాసి పేరు మీద గీత పెట్టబోయాడు.

"మీదే ఊరు బాబూ?" అన్నాను.

"ఇదేనండి. గురువులు మేస్త్రీ గారు మా అమ్మకి తాతయ్య. నేను పుట్టిందీ ఈ..." అని ఆగాడు.

అమ్మ పేరు అడిగాను. బంగారమ్మ అన్నాడు. సన్యాసమ్మ కూతురు. అతిథుల రిజిస్టర్లలో అయిదోది తీసి, పేజీ వెతికి, ఆయన ముందు పెట్టాను. నా రాత కాదది, నా తర్వాతివాడి రాత, కానీ గడులు అవే. బంగారమ్మ, గురువులు మేస్త్రీ మనవరాలు. వచ్చినప్పుడు ఒకరు. వెళ్ళినప్పుడు ఇద్దరు.

ఆయన ఆ గడి చాలాసేపు చూశాడు. లోపల ఎవరో మూలుగుతున్నారు, ఎవరో వేణ్ణీళ్ళు తెమ్మంటున్నారు. తాసీల్దారు ఫారం దగ్గరికి లాక్కుని, స్థితి అన్న చోట "నివసించుచున్నారు" అని గుండ్రంగా రాశాడు. తర్వాత వయసు గడి దగ్గర ఆగి, కొంచెం ఆలోచించి, వచ్చే ఏళ్ళలో ఎవరికీ ఇబ్బంది లేకుండా తొంభై ఏడు కొట్టేసి, "పెద్దవారు" అని రాసి సంతకం పెట్టాడు.